కంపెనీ కాగితం, నా సంతకం

ద్వంద్వ ప్రభుత్వం పాఠం నేను పదకొండేళ్ళు చెప్పాను. గోదావరి జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌ని. బెంగాల్లో నవాబూ, వ్యాపారానికని వచ్చిన ఇంగ్లీషు కంపెనీ కలిసి రాజ్యం చేసిన కొన్నేళ్ళ కథ అది. శిస్తు వసూళ్ళు కంపెనీవి. న్యాయం, శాంతిభద్రతలు, కరువొస్తే జనం పెట్టే శాపనార్థాలు నవాబువి. "అధికారం కంపెనీకి, బాధ్యత నవాబుకి. కింద గీత గీసుకోండి" అని నేనంటే క్లాసంతా స్కేళ్ళు తీసేవారు. ఆ చప్పుడంటే నాకు భలే ఇష్టం.

నవాబు మీద నాకు జాలి ఉండేది కాదు. "ఆయన చేతిలో మిగిలింది హుక్కా గొట్టం ఒక్కటే" అనేదాన్ని. పిల్లలు నవ్వేవారు. నా నోటి దురుసు మా ఇంట్లోవాళ్ళకే కాదు, ఎప్పుడో పోయిన ఆ నవాబుకి కూడా తెలిసే ఉంటుంది.

ఆ పాఠానికి మా ఇంటి కథ ఒకటి కలిపి చెప్పేదాన్ని. మా తాతగారి ముత్తాత ఉత్తర సర్కారుల్లో ఒక చిన్న సంస్థానంలో ముద్ర కొట్టే ఉద్యోగి. రాజావారి ముద్ర ఆయన మొలలోనే ఉండేదట. కంపెనీవారు కాగితాలు రాయించి పంపేవారు. రాజావారు వాటిని చూసేవారు కాదు. మా పెద్దాయన లక్క కరిగించి ముద్ర కొట్టేసేవాడు. ఒకసారి వచ్చిన కాగితంలో, ఊళ్ళో నేతగాళ్ళు నేసిన గుడ్డ కంపెనీకి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని ఉంది. దాని మీదా ముద్ర పడింది. నేతగాళ్ళు లబోదిబోమంటూ కోటకి వచ్చారు. "అది కంపెనీవారి కాగితమయ్యా" అన్నారు రాజావారు. కంపెనీ దొర దగ్గరికి వెళ్ళారు. "దాని మీద ఉన్నది మీ రాజావారి ముద్రే కదా" అన్నాడు దొర.

ఇద్దరి గొంతులూ అనుకరిస్తూ మా తాతగారు ఈ కథ చెబుతుంటే మేం పడీపడీ నవ్వేవాళ్ళం. చివర్లో ఆయన ఒక మాట కలిపేవారు. ఆ తర్వాత మా పెద్దాయన బతికినన్నాళ్ళూ నేతవీధిలో అడుగు పెట్టలేదట. దివాణానికి అదే దగ్గర దారి. అయినా కాలవగట్టు మీద చుట్టూ తిరిగి వెళ్ళేవాడట. కథంతా నవ్వించి చివర్లో ఈ నడక గోలేమిటో నాకు అర్థమయ్యేది కాదు. క్లాసులో ఆ ముక్క వదిలేసి చెప్పేదాన్ని.

మా ఆయన ఉద్యోగం మూలంగా 2004లో అమెరికాలోని జార్జియా వచ్చాం. రెండేళ్ళు అపార్ట్‌మెంట్‌లో ఉండి, కమ్మింగ్ అనే ఊళ్ళో కొత్తగా కడుతున్న కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు, డ్రైవింగ్ రాదు. మా ఆయన నేర్పబోయాడు గానీ, మొదటి రోజే ఇద్దరం మాటలు మానేసి ఇంటికొచ్చాం. నాకు డ్రైవింగ్ నేర్పింది మాకు రెండిళ్ళ అవతల ఉండే అమెరికన్ ఆవిడ. ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. బోసిగా ఉన్న క్లబ్‌హౌస్ పార్కింగ్‌లో నా పక్కన కూర్చుని, నేను బ్రేకు మీద నిలబడ్డంత పని చేసినా కాఫీ ఒలకకుండా పట్టుకునేది.

ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడేది. కానీ ఆ మాటలన్నీ నాకు ఎందుకో తెలుగులోనే గుర్తున్నాయి. ఒకరోజు నేను కారు ఆపి తాళం తీసుకుని దిగిపోతుంటే ఆపింది. "నేను రోజూ ఏం చేసేదాన్నో చెప్పనా? ఆఖరి స్టాపు అయ్యాక బస్సు షెడ్లో పెట్టి, ముందు నుంచి వెనక దాకా నడిచేదాన్ని. ప్రతి సీటూ వంగి చూసేదాన్ని. ఎక్కడో ఒక పిల్లాడు నిద్రపోయి ఉంటాడు కదా. చివరి సీటు దాకా నడిచాకే షీటు మీద సంతకం. చలిగాలి కొట్టినా, మోకాళ్ళు పీకినా, ఒక్కరోజు కూడా కూర్చున్నచోట సంతకం పెట్టలేదు."

"ఎప్పుడైనా దొరికారా?" అని అడిగాను.

"ఇరవై ఆరేళ్ళలో ఇద్దరు" అంది. ఆ ఇద్దరి పేర్లూ చెప్పింది.

2011లో కాలనీ కట్టిన బిల్డరు, ఇళ్ళు ఎలా ఉండాలో రూల్స్ చూసే ఇంటి యజమానుల అసోసియేషన్‌ని మా చేతికి అప్పజెప్పి వెళ్ళిపోయాడు. బోర్డుకి ఎన్నికలన్నారు. క్లబ్‌హౌస్‌లో మీటింగ్. సగం మంది మనవాళ్ళే. ప్రెసిడెంటుగా ఎవరుంటారంటే అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. మా ఆయన నా మోచెయ్యి పొడిచాడు. "నువ్వు నిలబడు. గవర్నెన్స్ నీ సబ్జెక్టే కదా!" వెక్కిరిస్తున్నాడని తెలుసు. ఆ ఉక్రోషంతోనే చెయ్యెత్తాను. ఏకగ్రీవం. ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి "ప్రెసిడెంట్ గారూ, చెప్పులు బయట విడవండి" అన్నాడు.

పని చేయడానికి ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ ముందే ఉంది. బిల్డరు కుదిర్చి వెళ్ళిన కంపెనీ అది. గడ్డి కోయించడం, వసూళ్ళు, నోటీసులు, అన్నీ వాళ్ళే. మాకు మేనేజరుగా ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉండవు, ఎప్పుడూ కారులోనే భోజనం. పద్నాలుగు కాలనీలు చూసుకోవాలట. మొదటిరోజే ఒక తెల్లకాగితం నా ముందు పెట్టి సంతకం చేయమంది. "ప్రతి లెటరుకీ మిమ్మల్ని డిస్టర్బ్ చేయకుండా స్కాన్ చేసి పెట్టుకుంటాం. మీ బోర్డు పేరు మీద మేమే పంపేస్తాం" అంది.

నేను సంతకం తెలుగులోనే చేస్తాను. కాలేజీ రిజిస్టర్లో కూడా అంతే. తలకట్టూ కొమ్మూ ఎక్కడికక్కడ తీర్చి, చివర ఒక సుడి తిప్పి. ఆ అమ్మాయి "ఓ, హౌ బ్యూటిఫుల్!" అంది. నేను పొంగిపోయాను. ఎందుకైనా మంచిదని ఇంకోటి కూడా పెట్టి ఇచ్చాను!

ఆ తర్వాత కాలనీలో ఇంగ్లీషు ఉత్తరాల కింద నా తెలుగు సంతకం ఇంటింటికీ వెళ్ళడం మొదలైంది. ఎదురింటి వరంగల్ అమ్మాయి ఒకరోజు కాగితం ఊపుకుంటూ వచ్చింది.

"అక్కా, ఇగో నీ సంతకంతోని మాకు లెటరొచ్చింది. ట్రాష్ క్యాన్ బయటనే ఉన్నదట. జెర వచ్చి నువ్వే చెప్పొద్దా? రోజూ మా ఇంట్ల చాయ్ తాగుతవ్ గదా!"

"అది కంపెనీ వాళ్ళు పంపిందమ్మా. నాకేం సంబంధం?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. కమ్మింగ్‌లో తెలుగక్షరాలు చూసి జనం చెత్తడబ్బాలు లోపల పెట్టుకుంటున్నారంటే మాటలా!

మరుసటి ఏడాది చలికాలంలో బస్సు నడిపిన ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా, ఒక్కొక్కటే వస్తుంది. ఆస్పత్రి నుంచి వీల్‌చెయిర్‌లో ఇంటికి తెచ్చారు. ముందు గుమ్మానికి నాలుగు మెట్లు. వాళ్ళాయన ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, తనే పైన్ చెక్కలు కొనుక్కొచ్చి వారం రోజుల్లో ఆ మెట్ల మీదుగా వాలు బల్ల కట్టాడు. రంగు కూడా వేయలేదు, పచ్చి చెక్క. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి దాని మీంచి కిందికి దించి, మూలనున్న బస్‌స్టాపు దాకా తోసుకెళ్ళేవాడు. ఆవిడ ఎడమ చెయ్యెత్తి పిల్లలకి ఊపేది. బస్సు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టేవాడు. అదొక్కటే ఆవిడ రోజంతటికీ బయటి ప్రపంచం. ఆ ఇరవై నిమిషాల కోసమే తెల్లారుతుందని వాళ్ళాయన నాతో అన్నాడు.

వసంతం వచ్చింది. జార్జియాలో వసంతమంటే పసుపు. పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీదా, కిటికీల మీదా, మన ముక్కుల్లోనూ రాలుతుంది. ఆ రోజుల్లో ఒక పది రోజులు ఆవిడ బస్‌స్టాపు దగ్గర కనిపించలేదు. పుప్పొడి ఒంటికి పడక లోపలే ఉందనుకున్నాను. ఒక పొద్దున మెత్తగా ఉంటాయని ఇడ్లీలు వేసి, పట్టుకుని వెళ్ళాను.

వాలు బల్ల లేదు. దాని కాళ్ళు ఆనిన చోట గడ్డి తెల్లబడి ఉంది. చెక్కలన్నీ గరాజు పక్కన కొలతల ప్రకారం పేర్చి ఉన్నాయి. వాటి మీద పసుపు దుమ్ము.

ఆయన తలుపు తీశాడు. "చెప్పిన గడువులోనే తీసేశాం, మేడమ్" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన నన్ను ఎప్పుడూ మేడమ్ అనలేదు. నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి ఉత్తరం తెచ్చి చూపించాడు. ఇంటి ముందు అనుమతి లేని కట్టడం. పద్నాలుగు రోజుల్లో తొలగించవలెను. కింద నా సంతకం. తలకట్టూ, కొమ్మూ, సుడీ.

"ఇది నేను పంపలేదు. కంపెనీ వాళ్ళు పంపారు" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

ఆయన ఉత్తరాన్ని నిదానంగా మడత పెట్టాడు. "జీవితమంతా ఉత్తరాలు పంచాను. కంపెనీ పేరుతో వచ్చి ఉంటే నేను పోట్లాడేవాణ్ణి. ఇది నీ పేరుతో వచ్చింది. నువ్వే తీయమన్నావంటే ఏదో కారణం ఉంటుందిలే అని మా ఆవిడ అంది. అందుకే తీసేశాను."

ఇడ్లీల డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. ఆవిణ్ణి చూడలేదు. చూడటానికి మొహం చెల్లలేదు.

ఇంటికి వచ్చి మేనేజరుకి ఫోన్ చేసి గట్టిగానే అరిచాను. వినీ వినీ ఆ అమ్మాయి అంది: "మేడమ్, మా మనిషి కారులో తిరుగుతూ ఫొటోలు తీస్తాడు. అనుమతి ఫారం లేని కట్టడం కనిపిస్తే లెటరు దానంతటదే వెళ్తుంది. వాళ్ళు ఒక్క ఫారం పెట్టి ఉంటే నేనే ఆపేదాన్ని. కానీ అది బోర్డు లెటరు కదా. మీరు ప్రెసిడెంట్ కదా." ఆ గొంతులో పొగరు లేదు, అలసట ఉంది. నాకు కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు.

ఫారం నింపి పంపిస్తే ఒక వారంలో అనుమతి వస్తుందని తేలింది. ఇంత చిన్న పని. మరి వెళ్ళి ఆ ఇంటివాళ్ళతో ఆ మాట చెప్పాలి కదా? చెప్పలేదు. రేపు వెళ్దాం, మా ఆయన్ని తోడు తీసుకుని వెళ్దాం అనుకున్నాను. లైబ్రరీకి, కూరగాయలకి మూడు రోజులు కారు తీశాను. మా కాలనీకి రెండు గేట్లు. ముందు గేటు దగ్గర. కానీ ఆ దారిలో వాళ్ళిల్లుంది. మూడు రోజులూ వెనక గేటు నుంచి, నీటి గుంట చుట్టూ తిరిగి వెళ్ళాను.

నాలుగో రోజు ఆ గుంట మలుపు దగ్గర నాకు మా తాతగారి గొంతు వినిపించింది. కాలవగట్టు మీద చుట్టూ తిరిగి వెళ్ళేవాడటమ్మా. కారు పక్కకి ఆపేశాను. నేను క్లాసులో వదిలేసిన ముక్క అదే. నవ్వించే భాగమంతా చెప్పి, అసలు పాఠాన్ని పదకొండేళ్ళు దాటేశాను. మా పెద్దాయన రోజూ ఆ గట్టు మీద ఒక్కడే నడుస్తూ ఏమనుకునేవాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన మీద, ఆ రాజావారి మీద, నేను ఏళ్ళ తరబడి నవ్వులపాలు చేసిన నవాబు మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. చదవకుండా ముద్ర ఇచ్చేసిన మనుషులు. ఇచ్చాక ఆ వీధిలోకి వెళ్ళలేకపోయిన మనుషులు.

కారు వెనక్కి తిప్పాను.

ఈసారి తలుపు తీయగానే ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ కిటికీ దగ్గర వీల్‌చెయిర్‌లో కూర్చుని వీధి చూస్తోంది. ముందే కూడబలుక్కున్న వాక్యాలన్నీ పోయాయి. ఆవిడ ముందు కార్పెట్ మీద కూర్చున్నాను.

"నేనే చేశాను" అన్నాను. "ఉత్తరం చదవలేదు. ఎవరికి వెళ్తుందో చూడలేదు. తెల్లకాగితం మీద సంతకం చేసి ఇచ్చేశాను."

కంపెనీ మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది.

ఆవిడ నా వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. ఒక్కొక్క మాటనీ చేత్తో ఎత్తి పెడుతున్నట్టు అంది: "నువ్వు... వెనక దాకా... నడవలేదు."

"నడవలేదు" అన్నాను.

ఆవిడ ఎడమ చెయ్యి నా తల మీద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే బోర్డు వాళ్ళనీ, మేనేజరు అమ్మాయినీ పిలిచి చెప్పాను. నా సంతకం కంప్యూటర్లోంచి తీసేయాలి. ఉత్తరం ఏదైనా ముందు మేం చదవాలి, చదివిన మనిషి పెన్నుతో సంతకం పెట్టాలి. బోర్డులో ఉన్న మనవాడొకడు నెత్తి కొట్టుకున్నాడు. "మేడమ్ గారూ, నెలకి ఎన్ని లెటర్స్ ఉంటాయో తెలుసా అండీ? ఇదంతా చూసుకోడానికే కదా కంపెనీని పెట్టుకుంది!"

"అందుకే కదా నాయనా నవాబు కూడా పెట్టుకుంది" అన్నాను. అతనికి అర్థం కాలేదు గానీ చెయ్యెత్తాడు. మేనేజరు అమ్మాయి వెళ్ళేటప్పుడు నా పక్కకి వచ్చి, "నిజం చెప్పనా? ఏ కాలనీలోనూ ఎవరూ చదువుతామని అడగలేదు. అడిగితే నాకూ కొంచెం ధైర్యంగా ఉండేది" అంది. ఫారం తన చేత్తోనే నింపి, వారం ఆగకుండా రెండు రోజుల్లో పైవాళ్ళ చేత సరేననిపించింది. మిగిలింది బల్ల కట్టాక చూసి నేను చేయాల్సిన సంతకం.

శనివారం పొద్దున కాలనీలో మగవాళ్ళంతా డ్రిల్లులు పట్టుకొచ్చారు. ఒక డెంటిస్టు, ముగ్గురు సాఫ్ట్‌వేర్, ఒక బ్యాంకు ఆడిటర్. వీళ్ళలో ఒక్కడూ తిన్నగా స్క్రూ దిగ్గొట్టిన పాపాన పోలేదు. ఉత్తరాలు పంచిన పెద్దాయన గుడ్లప్పగించి చూసి, చివరికి అందరినీ చెక్కలు పట్టుకునే పనిలో పెట్టి డ్రిల్లు తానే తీసుకున్నాడు. వరంగల్ అమ్మాయి పెద్ద ఫ్లాస్కుతో చాయ్ తెచ్చింది. "ఏమాయెనే, ప్రెసిడెంట్ అక్క చెక్కలు మోస్తున్నదా! ఫొటో దియ్యుండ్రి" అని నన్ను ఏడిపించింది. మధ్యాహ్నానికి బల్ల నిలబడింది. పాత చెక్కలే కాబట్టి పాత మేకు రంధ్రాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఆవిణ్ణి గుమ్మం దాకా తెచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన అనుమతి కాగితాన్నీ పెన్నునీ నా చేతికిచ్చి, "కానీ ప్రెసిడెంట్ గారూ, సంతకం పడేస్తే అందరం భోజనాలకి పోదాం" అన్నాడు.

కాగితం గోడకి ఆనించబోయాను. గుమ్మంలోంచి ఆవిడ నన్నే చూస్తోంది.

కాగితం మా ఆయనకి తిరిగి ఇచ్చాను. చెప్పులు విడిచి బల్ల ఎక్కాను. పైనుంచి ఒక్కొక్క చెక్క మీదా కాలు ఆనించి, వంగి చేత్తో తడుముతూ కిందికి దిగడం మొదలుపెట్టాను. "ఏం చేస్తున్నారు ఆంటీ?" అని పిల్లలెవరో అడిగారు. కొన్ని నవ్వులు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. మధ్య చెక్కలన్నీ బాగానే ఉన్నాయి. చిట్టచివరి చెక్కకి కుడి మూలన ఒక స్క్రూ సగమే దిగి, వేలెడు పైకి లేచి ఉంది. సరిగ్గా వీల్‌చెయిర్ చక్రం దొర్లే చోట.

"ఇక్కడొకటుంది" అన్నాను.

పెద్దాయన డ్రిల్లు పట్టుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్క్రూ లోపలికి దిగేదాకా అక్కడే నిలబడి చూశాను. దాని మీద వేలితో రుద్ది చూశాను. అప్పుడు తలెత్తాను. ఆవిడ ముఖంలో కదిలే సగం నవ్వుతోంది. ఎడమ చెయ్యి పైకెత్తి, గాల్లో సంతకం చేస్తున్నట్టు తిప్పింది.

కాగితం ఆ చివరి చెక్క మీదే పరుచుకుని, అక్కడే కూర్చుని, సంతకం పెట్టాను.